ఆరో గడి

ఫారంలో పదిహేడో ప్రశ్న: వంట దేనిమీద?
గ్యాసు ఒకటి, కరెంటు రెండు, కిరసనాయిలు మూడు,
కట్టెలు నాలుగు, పిడకలు ఐదు,
బొగ్గు ఆరు.

టెక్కలిలో మూడు వీధులు తిరిగాను,
రెండు వందల పదకొండు గడపలు.
ఆరో గడిలో ఒక్క టిక్కూ పడలేదు.
గడి కాదది,
అద్దెకెవరూ రాని గది.

శిక్షణప్పుడు ఓ మధ్యాహ్నం
తెరమీద దేశాల గీతలు చూపించారు.
మన గీత, కాగిన కుండని దించినట్టు
నెమ్మదిగా కిందికొచ్చింది.
ఆఫ్రికా పట్నాల గీతలు కొన్ని
ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నాయి.
పల్లెలో ఉన్నన్నాళ్ళూ కట్టె, పట్నం చేరాక బొగ్గు.
మనిషి ఊరు మారితే
పొయ్యీ మూట కట్టుకుంటుందట.
అన్నం తినొచ్చిన మాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.
వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు,
"ఏ బొగ్గండీ, రాక్షసి బొగ్గా, కట్టెబొగ్గా?"
సారు కాస్త ఆగి,
"రెండూ ఒకటే, రాసుకోండి" అన్నాడు.

ఒకటెలా అవుతాయి?
అది భూమి కడుపులోంచి లేచి రైలెక్కి వచ్చేది.
ఇది
మంట మధ్యలో ఊపిరి బిగబట్టిన కొమ్మ.

రెండు వందల పన్నెండో గడప, గానుగుల వీధి చివర.
పేరు అసిరమ్మ. వయసు "నువ్వే ఏసుకో."
వసారాలో సిలిండరు, దానిమీద ఆరేసిన రవిక.
ఒకటి అని టిక్కు పెట్టేశాను.
అప్పుడు తగిలింది వాసన.

లోపల మనవరాలు పైడితల్లి, తొమ్మిదో రోజు బాలింత.
నులకమంచం కింద మట్టి కుంపటి,
బూడిద దుప్పటి కప్పుకుని
ఎర్రగా పడుకున్న నాలుగు బొగ్గులు.
ముసలమ్మ కుంపటిని తలవైపుకి జరిపి
చిటికెడు సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి
తడిజుట్టు దానిమీద పరిచింది.
"ఇది వొంటకి కాదమ్మీ.
గేసుమీద టీ అవుతాది గానీ
నడుంనొప్పికి గేసు ఏటి సేస్తాది?"

ఫారంలో నడుముకి గడి లేదు.

"బొగ్గులెక్కడివి?"
"ఇస్త్రీ ఎర్రయ్య కాడ. ఆడూ కరెంటు పెట్టి కొన్నాడు.
ఇయ్యే ఆఖరివి, అంటన్నాడు."

ఇంతలో ఫోను మోగింది.
పిల్లాడి తండ్రి తవిటినాయుడు,
దారెస్సలాంలో వెల్డింగు పని.
బిడ్డని చూసి, పెళ్ళాన్ని చూసి, కుంపటిని చూసి నవ్వాడు.
"ఒలే, ఇదేటి అక్కడికీ వొచ్చీసినాదా?"
ఫోను వీధివైపు తిప్పాడు.
మనిషెత్తు సంచులు. నల్లటి నేల.
రేకు డబ్బాల్లో బొగ్గు గోపురంలా పేరుస్తున్న ఆడమనిషి.
"మా గదిలో గేసు పొయ్యి ఉన్నాది మామ్మా.
సిలిండరు అయిపోతే అంత డబ్బు ఒక్కపాలి ఎవుడిస్తాడు?
ఇదైతే ఏ రోజు కూలికి ఆ రోజు డబ్బా."

ఎక్కే గీతా దిగే గీతా
పగిలిన ఫోను అద్దంలో
ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"ఏ సెట్టుదిరా?" అడిగింది అసిరమ్మ.
"తెలీదే. లారీలో వొస్తాది.
సెట్టు ఏటేటా దూరం జరిగిపోతందంటారు."
"మా అమ్మ సంతకి తట్ట మోసిన రోజుల్లో
ఇక్కడా అలాగే జరిగింది" అంది,
ఎటు వెళ్ళిందో చెప్పలేదు.

కిటికీ తీసి ఉంచమన్నాను.
బొగ్గు పొగ కంటికి కనబడదు, మోసమంతా అదేనన్నాను.
పసివాడున్నాడు కదా అన్నాను.
తీసింది.
నేను వీధి మలుపు తిరక్కముందే
రెక్క మూసిన చప్పుడు వినబడింది.
వెనక్కి వెళ్ళాను. మళ్ళీ తీయించాను.
"సలిగాలమ్మీ" అంది, నా మొహం చూసి ఊరుకుంది.

రాత్రి మొత్తాలు కూడాను.
ఒక ఇంటికి ఒకటే జవాబు, అది నియమం.
ఆరో గడి కింద సున్నా చుట్టాను.
పెన్ను ఎందుకో ఎక్కువ ఒత్తినట్టుంది,
అవతలి కాగితం మీద కూడా
గుండ్రంగా, నల్లగా
దిగబడింది.